బర్రె సూది, బాలింత సూది



మన తెలుగులో చేపుట అను చిన్న మాట యొకటి కలదు. దుడ్డె వచ్చి పొదుగును కుమ్మగానే బర్రె పాలు విడుచుటను చేపుట అందురు. బిడ్డ ఏడ్పు చెవిని పడగానే తల్లి రొమ్మునకు పాలు వచ్చుటను గూడ ఆ మాటతోనే చెప్పుదురు. మన పెద్దలు పశువునకొక మాట, మనిషికొక మాట అని వేరుచేయలేదు. వారు గొప్ప చదువులు చదివినవారు కారు గాని, కొట్టములోను ఇంటిలోను జరుగు పని ఒక్కటేయని కన్నులార చూచి ఎరిగిరి.

ఆ పనిని చేయించునదేమో శాస్త్రజ్ఞులు తరువాత కనుగొనిరి. మెదడు అడుగున పిట్యూటరీ యను చిన్న గ్రంథి వ్రేలాడుచుండును. ఎద్దు గ్రంథినుండి తీసిన సారము గర్భసంచిని ముడుచుకొనజేయునని 1906లో ఇంగ్లండు దేశస్థుడైన హెన్రీ డేల్ ప్రకటించెను. ఆ సారమే పాలను గూడ దింపునని కొలది యేండ్లలో తెలిసెను. అమెరికా దేశమున విన్సెంట్ దు విన్యో అను రసాయన శాస్త్రజ్ఞుడు దాని కూర్పును విప్పి చూచి, 1953లో ఆ పదార్థమును ప్రయోగశాలలోనే తయారుచేసెను. 1955లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను. ఈ పదార్థము పేరు ఆక్సిటోసిన్. గ్రీకు భాషలో దానికి త్వరిత ప్రసవమని అర్థము. ఇది పెప్టైడు జాతికి చెందినది. పెప్టైడు అనగా ఆమినో ఆమ్లములను పూసలవలె గ్రుచ్చిన దండ. చక్కెర వ్యాధిగలవారు వేసికొను ఇన్సులిన్ 51 పూసల దండ. ఆక్సిటోసిన్‌లో ఉన్నవి తొమ్మిదే.

ఈ తొమ్మిది పూసల దండయే మన కాలములో ఒక చిక్కు ప్రశ్నను తెచ్చిపెట్టినది. ప్రాణము నిలుపు మంచి వస్తువును కొందరు దుర్వినియోగము చేసినయెడల, దానిని అందరికి దూరము చేయుట న్యాయమా?

హైదరాబాదు పాతబస్తీకి పోయినవానికి ఈ మందుయొక్క రెండు ముఖములును ఒక్క పూటలో కనబడగలవు. మూసీకి దక్షిణపు ఒడ్డున, చార్మినారునకు అంత దూరము కాని పేట్లబురుజులో ప్రభుత్వ ఆధునిక ప్రసూతి ఆసుపత్రి యున్నది. మా గ్రామములనుండి కష్టమైన కాన్పులు అనేకసార్లు అక్కడికే పోవును గనుక, మా సంఘములోని స్త్రీలను చూచి ప్రార్థించుటకు నేను పలుమార్లు అక్కడి వరండాలలో కూర్చుంటిని. ఆ బస్తీ సందులలోనే బర్రెలను కట్టు తబేలాలును ఉన్నవి. పాతబస్తీకి పాలు చాల కావలెను. ప్రొద్దుపొడవకముందే చాయి హోటళ్లలో పెద్ద పెద్ద గిన్నెలు పొయ్యిమీదికెక్కును. దీపావళి పోయిన తరువాత సదర్ ఉత్సవమున దున్నపోతులకు పూలదండలు వేసి, డప్పులతో ఊరేగించు నగరమిది. పశువును ప్రేమించుట తెలియని ఊరు కాదు. ఐనను ఆసుపత్రిలో నర్సమ్మ చేతిలోని మందే కొన్ని తబేలాలలో చీటీ లేని సీసాలో నుండును.

ముందు ఆసుపత్రి సంగతి చెప్పెదను. నెలలు నిండిన గర్భిణి గర్భసంచిగుండ నిమిషమునకు అర లీటరుకు పైగా రక్తము పారుచుండును. బిడ్డ పుట్టి మాయ విడివడిన చోట రక్తనాళములు తెరచుకొనియుండును. గర్భసంచి గట్టిగా పిడికిలివలె ముడుచుకొనినగాని అవి మూతపడవు. అది ముడుచుకొననియెడల, ఎంత బలమైన స్త్రీయైనను కొద్దిసేపటిలోనే చేయి దాటిపోవును. లోకమందంతట ఏటేట వేలకొలది తల్లులు కాన్పు తరువాతి రక్తస్రావముచేత చనిపోవుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. బిడ్డ పుట్టిన వెంటనే పది యూనిట్ల ఆక్సిటోసిన్ సూది వేయుట దీనికి ముఖ్యమైన అడ్డు. ఎఫ్రాతా మార్గమున రాహేలు బిడ్డను కని ప్రాణము విడిచెనని ఆదికాండము 35వ అధ్యాయములో చదువుదుము. ఆమె మరణమునకు కారణమేమో గ్రంథము చెప్పలేదు, నేనును ఊహింపను. కాని ఆ మార్గము ప్రక్కన యాకోబు నిలిపిన స్తంభమువంటివి మన గ్రామముల శ్మశానములలో ఎన్ని యున్నవో పెద్దలైన తల్లులను అడిగి తెలిసికొనుడి.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పక విడువజాలను. ఈ సూది బిడ్డ పుట్టిన తరువాత వేయునప్పుడు రక్షించును. బిడ్డ పుట్టకముందు నొప్పులు త్వరపడవలెనని ఇంటివద్ద తెలిసీ తెలియనివాడు దీనిని కండలో పొడిచినయెడల, గర్భసంచి చీలవచ్చును, లోపల బిడ్డకు ఊపిరాడకపోవచ్చును. ఆసుపత్రిలో నొప్పుల కొరకు ఇచ్చునప్పుడు సెలైనులో కలిపి, చుక్క చుక్కగా, బిడ్డ గుండె చప్పుడు వినుచు ఇత్తురు. ఇంటికి వచ్చి నొప్పుల సూది వేసెదనను వానిని, అతడు మీకు బంధువైనను సరే, వాకిటనే నిలిపివేయుడి.

తబేలా సంగతికి వచ్చుదము. పట్టణపు తబేలాలో చోటు ఇరుకు. గడ్డి, దాణా అన్నియు కొనవలసినవే. మగ దుడ్డె పుట్టినయెడల అది త్రాగు పాల వెల దానిని అమ్మినప్పుడు వచ్చు వెలకంటె ఎక్కువ. కాబట్టి దానికి కడుపునిండ పాలు విడువరు. కొలది దినములలో అది చచ్చును. దుడ్డె లేని బర్రె చేపదు. పూర్వము మన పల్లెలలో చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి తల్లియెదుట నిలుపుట కలదు. తల్లి దానిని నాకి నాకి పాలు విడిచెడిది. అదియు మోసమే గాని, ఆ మోసములో తల్లి ప్రేమకు కొంత మర్యాద మిగిలియుండెను. ఇప్పుడు ఆ గడ్డిదూడ స్థానమున సూది వచ్చినది. సూది గ్రుచ్చగా, ఇష్టమున్నను లేకున్నను, నిమిషములో పాలు దిగును. ఈ సూది పాలను పుట్టించదు. పొదుగులో నున్నదానిని దింపును, అంతే. పూట పూటకు దీనికి అలవాటుపడిన బర్రె సూది లేనిదే చేపుట మానును. అటుపిమ్మట యజమానుడు సీసాకు బానిసయగును.

పశువునుండి బలవంతముగా పాలు పిండుట క్రొత్త పాపము కాదు. ఆవు వెనుకభాగమున గాలి ఊది పాలు దింపు ఫూకా యను క్రూరమైన పని మన దేశములో నుండెను. 1960వ సంవత్సరపు జంతుహింస నివారణ చట్టము 12వ సెక్షను ఫూకాను మాత్రమేగాక, పాలకొరకు పశువు ఆరోగ్యమునకు హానిచేయు ఏ పదార్థమునైనను సూదిద్వారా ఎక్కించుటను గూడ నేరముగా ఎంచినది. శిక్ష వేయి రూపాయలవరకు జుల్మానా, లేక రెండేండ్లవరకు చెర, లేక రెండును. ఆ పశువును ప్రభుత్వము స్వాధీనము చేసికొనవలెను. ఇక మనుష్యుల మందు విషయములో, ఔషధ చట్టము ప్రకారము ఆక్సిటోసిన్ వైద్యుని చీటీ లేక అమ్మరాదు. మనుష్యులకిచ్చు సూది ఒక్కొక్కటి విడిగా మూసిన అరలో రావలెను. దాని మూలపదార్థమును లైసెన్సుగల మందుల తయారీదారులకు మాత్రమే అమ్మవలెనని 2014 జనవరిలో మరియొక కట్టడ చేసిరి.

కాబట్టి కట్టడలకు కొదువలేదు. తబేలాకు వచ్చు సీసా మాత్రము ఈ దారులలో దేనిగుండను రాదు. దానికి పేరుండదు, చీటీయుండదు, తయారైన తేదీయుండదు, తయారుచేసినవాని గురుతు అసలే యుండదు. ఆక్సిటోసిన్‌ను రెండునుండి ఎనిమిది డిగ్రీల చలువలో నుంచవలెను. ఈ ప్లాస్టిక్ సీసా ఎండలో గోనెసంచిలో ప్రయాణమై వచ్చును. ఎంత బలముగలదో, అసలు మందేనో కాదో, అమ్మువానికే తెలియదు. హైదరాబాదులో పోలీసులును ఔషధ నియంత్రణ అధికారులును ఇట్టి సీసాలను పట్టుకొన్నట్లు పత్రికలలో పలుమార్లు వచ్చినది. పట్టుబడినప్పుడు కొన్నాళ్లు సద్దుమణుగును, మరల మొదలగును.

ఇట్లుండగా 2018లో కేంద్ర ప్రభుత్వము ఒక పెద్ద అడుగు వేసెను. దేశములో అమ్ముటకు ఆక్సిటోసిన్‌ను ఏ ప్రైవేటు కంపెనీయు తయారుచేయరాదని ఆ యేడు ఏప్రిలు 27న ప్రకటించిరి. బెంగుళూరులోని కర్ణాటక యాంటీబయాటిక్స్ అను ప్రభుత్వ సంస్థ యొక్కటే దేశమంతటికి తయారుచేయవలెను. దిగుమతియు నిషేధము. ఉద్దేశము మంచిదే: పశువులను కాపాడవలెను. దీనికి రెండేండ్ల ముందు, 2016లో, ఈ మందు తయారీని ప్రభుత్వరంగమునకే పరిమితము చేయు సంగతి ఆలోచింపుడని హిమాచలప్రదేశ్ హైకోర్టు సూచించియుండెను.

కాని ఆలోచించి చూడుడి. దేశములో ఏటేట రెండు కోట్లకు పైగా కాన్పులు. అన్నిటికి కావలసిన సూది ఒక్క కార్ఖానానుండి రావలెను. ఆ కార్ఖానాకో ఈ మందు క్రొత్త. ఒక నెల యంత్రము చెడినయెడల, ఒక లారీ ఆలస్యమైనయెడల, పేట్లబురుజువంటి పెద్ద ఆసుపత్రి ఎట్లో గడుపుకొనును. అడవి అంచున నున్న చిన్న ఆరోగ్యకేంద్రములో ఆ రాత్రి కాన్పునకు వచ్చిన తల్లి ఏమి చేయవలెను? అఖిల భారత ఔషధ కార్యాచరణ వేదిక అను సంఘమును, కొన్ని కంపెనీలును ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించిరి. ఆ సంవత్సరము డిసెంబరు 14న జస్టిస్ రవీంద్ర భట్, జస్టిస్ చావ్లా ఆ నిషేధమును కొట్టివేసిరి. నిషేధమునకు శాస్త్రీయమైన ఆధారము చూపలేదనియు, తల్లులకు మందు కొరతపడు ప్రమాదమును తగినట్లు తూచలేదనియు వారి తీర్పు. లైసెన్సుగల కంపెనీల మందే తబేలాలకు దారి తప్పుచున్నదనుటకు తగిన సాక్ష్యమును వారికి కనబడలేదు. కేంద్రము అప్పీలు చేయగా, 2019 ఆగస్టులో సుప్రీంకోర్టు ఈ ప్రశ్నను పెద్ద ధర్మాసనమునకు అప్పగించెను.

మత్తయి సువార్త 13వ అధ్యాయములో గురుగుల ఉపమానము మీరెరిగినదే. దాసులు గురుగులను పెరికివేయుదుమనగా యజమానుడు వలదనెను. గోధుమలును వాటితోకూడ పెల్లగింపబడునని ఆయన భయము. ఆ ఉపమానమును ప్రభువు సర్కారు కట్టడల గూర్చి చెప్పలేదు. యుగసమాప్తిని గూర్చి చెప్పెను. దానిని చట్టపు పుస్తకముగా చేయుట నాకు ఇష్టము లేదు. అయినను పొలము పని ఎరిగిన మనకు ఆ యజమానుని జాగ్రత్త తెలియును. ఈ సంగతిలో గురుగులు విత్తినవాడు పగటి వెలుగున లైసెన్సు పుచ్చుకొని వచ్చినవాడు కాడు, రాత్రి వచ్చినవాడు. పగలు దున్నువానిని పొలమునుండి వెళ్లగొట్టినంత మాత్రమున రాత్రివాడు ఆగునా? పైగా నిజమైన మందు కొరతయైన కొలది దొంగసీసాకు గిరాకీ పెరుగును. అది తబేలాలోనే నిలువక బాలింత మంచముదాక రాగలదు. హైకోర్టు తీర్పు ఈ విషయములో సరియైనదని నా అభిప్రాయము. నోరులేని పశువును కాపాడుటకై, ఆ రాత్రి నోరెత్తలేని తల్లిని పణముగా పెట్టరాదు.

మందును కట్టడిచేయనక్కరలేదని నేననుటలేదు. ఔషధ తనిఖీదారు తబేలాలకు రావలెను, సీసా ఎక్కడినుండి వచ్చెనో వెనుకకు వెదకుచు పోవలెను. దొరికిన పాలవానికి జుల్మానా వేసి, దానిని అమ్మినవానిని విడిచిపెట్టుట సగము పని. 1960లో పెద్ద మొత్తముగానుండిన వేయి రూపాయలు ఇప్పుడు మంచి బర్రె ఇచ్చు కొద్ది దినముల పాల వెల కూడ కాదు. ఆ అంకె మార్చవలెనని అడుగుట న్యాయమే.

మరియొక మాట. ఈ సూదికి వ్యతిరేకముగా మాటలాడు మంచివారు అనేకులు, ఆ పాలు త్రాగిన ఆడపిల్లలు చిన్నతనముననే పెద్దమనుష్యులగుదురని చెప్పుదురు. మన ప్రార్థనకూటములలో కూడ విన్నాను. అట్లు జరుగుచున్నదని శాస్త్రజ్ఞులు నిరూపింపలేదు. ఆక్సిటోసిన్ పెప్టైడు గనుక, నోటిద్వారా పోయినప్పుడు మాంసకృత్తులవలెనే కడుపులో జీర్ణమైపోవును. అందుచేతనే దానిని సూదిగా వేయుదురు, మాత్రగా మ్రింగించరు. మంచి పనికొరకైనను తెలియని దానిని తెలిసినట్లు చెప్పుట, అబద్ధసాక్ష్యము పలుకవద్దను ఆజ్ఞకు విరోధము. పైగా ఆ మాటలో ఒక స్వార్థమున్నది. మన పిల్లలకు హాని కలుగుననినగాని బర్రె బాధ మనకు బాధ కాదా? సామెతలు 12వ అధ్యాయములో నీతిమంతుడు తన పశువు ప్రాణమును లక్ష్యపెట్టునని వ్రాయబడుటకు, ఆ పశువు పాలు ఎవరు త్రాగుదురను షరతు లేదు.

ఈ మధ్య పట్టణములలో పెప్టైడు సూదుల సందడి పెరిగినది. బరువు తగ్గుటకు వేయు సెమాగ్లుటైడ్ గూడ ఈ జాతిదే, వైద్యుడు చూచి ఇచ్చినప్పుడు మేలైన మందే. అవి గాక, కండలు పెరుగుననియు గాయములు మానుననియు చెప్పి, పరిశోధన కొరకు మాత్రమే అని చీటీ అంటించి, మనుష్యులకు అమ్ము సీసాలును ఉన్నవి. పట్టణమున చదువుచున్న మన పిల్లలు వీటి జోలికి పోకుండ చూచుకొనుడి. తబేలా సీసాకును దీనికిని భేదమేమనగా, బర్రె తన ఇష్టముతో సూది పొడిపించుకొనదు.

పాతబస్తీవారిని తప్పుపట్టుటకు ఇదంతయు వ్రాయలేదు. మన కొట్టములలోనికి గూడ ఆ సీసా వచ్చుచున్నది. మా సంఘములో రెండు బర్రెలుగల ఒక పెద్దాయన ఆరాధన తరువాత నిలిచి అడిగెను: "అయ్యగారూ, దుడ్డె సచ్చిపోయింది. బర్రె సేపుతలేదు. సూది ఏస్తున్న. పాపమా?" అతని దుడ్డె రోగముతో చచ్చినది, ఆకలితో కాదు. బర్రెను కొనుటకు చేసిన అప్పు ఇంకను తీరలేదు. పాలకేంద్రములో పాలు పోయని దినము వాయిదా కట్టుట కష్టము. పాపమని ఒక్క మాట చెప్పి పంపివేయుట నాకు సులువే. ఆ మాటకు వెల చెల్లించువాడు మాత్రము అతడు.

నేను అతనికి ఆదికాండము 33వ అధ్యాయము చదివి వినిపించితిని. ఏశావు కలిసి పోదమని త్వరపెట్టగా, పాలిచ్చు మందలు తనయొద్ద నున్నవనియు, ఒక్క దినము వడిగా తోలినయెడల మంద అంతయు చచ్చుననియు, పిల్లలు మందలు నడువగలిగినంత మెల్లగా వచ్చెదననియు యాకోబు చెప్పెను. అతడు పెనూయేలులో దేవునితో పెనుగులాడిన మరునాటి మాట యిది. పశువు నడకకు తన నడకను తగ్గించుకొనుట అతనికి చిన్నతనముగా తోచలేదు. పెద్దాయన విని, "యాకోబుకు అప్పుల్లేకుండె గద అయ్యగారూ" అనెను. దానికి నాయొద్ద జవాబు లేకపోయెను.

పశువైద్యుని అడుగగా ఆయన చెప్పినది: సూదిని ఆపుడి, పూటపూటకు ఒకే మనిషి, ఒకే వేళకు, అరుపులు లేకుండ కూర్చుండవలెను, గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగి మెల్లగా నిమురుచు, ఆ వేళకే దాణా ముందుంచవలెను, కొన్ని దినములు పాలు తగ్గును, ఓర్చుకొనవలెను. ఓర్చుకొనుట యన్న మాట పశువైద్యునికి ఒకటి, అప్పుగలవానికి మరియొకటి. కాబట్టి సంగతి సంఘపెద్దల ముందు పెట్టితిమి. కోతపండుగ కానుకలలోనుండి ఆ నెల వాయిదా కట్టిరి. మొదటి మూడు దినములు బర్రె పాలే విడువలేదు. ఒకసారి తన్నినది గూడ. ఇప్పుడు పూటకు లీటరున్నర ఇచ్చుచున్నది. సూదితో రెండున్నర ఇచ్చెడిది. తగ్గిన లీటరు ఎవరు భరించవలెనను సంగతి మా పెద్దల కూటములో ఇంకను తేలలేదు.